గ్యాస్ కాదు... జేబు ఖాళీ!

ఏసీ కొనేటప్పుడు నాలుగు షాపులు తిరుగుతాం. పది మందిని అడుగుతాం. అదే ఏసీ చెడిపోతే మాత్రం మెకానిక్ ఎంతంటే అంత! అసలు ఏ రిపేరుకి ఎంతవుతుంది? గోరంట్ల లాంటి కరవు నేలలో ఏసీలు ఊరికే ఎందుకు మొరాయిస్తాయి? వాటిని బాగుచేయించే ముందు ఇంట్లో ఏమేం సరిచేసుకోవాలి?

శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. గోరంట్లలో అయితే అది పోతూపోతూ ఎండకి తలుపు తీసిపెట్టి మరీ పోతుంది. మార్చి నెలాఖరుకే మధ్యాహ్నం మిద్దె మీద కాలు పెట్టలేం. ఏప్రిల్, మే నెలల సంగతి చెప్పనే అక్కర్లేదు. సరిగ్గా అప్పుడే, ఆరేడు నెలలుగా గోడమీద మౌనంగా ఉన్న ఏసీని ఆన్ చేస్తారు. గాలొస్తుంది. చల్లదనం మాత్రం రాదు.

వెంటనే హిందూపురానికో, పెనుకొండకో, కదిరికో ఫోన్ వెళ్తుంది. 'చేతినిండా పనుందన్నా, ఎల్లుండొస్తా' అంటాడు మెకానిక్. ఆ ఎల్లుండి నాలుగోరోజు వస్తుంది. ఈలోగా పసిపిల్లలున్న ఇల్లు, మంచంమీద పెద్దవాళ్లున్న ఇల్లు ఉడికిపోతూనే ఉంటుంది. అందుకే అతనొచ్చి పది నిమిషాలు అటూ ఇటూ చూసి 'గ్యాస్ అయిపోయిందన్నా, మూడు వేలవుతుంది' అంటే ఇంకేం అడగాలనిపించదు. డబ్బు ఇచ్చేస్తారు. గది చల్లబడుతుంది. మళ్లీ ఏడాది మార్చిలో అదే ఫోన్, అదే మాట, అదే మూడు వేలు!

ఇంతకీ ఆ గ్యాస్ ఏమవుతోంది?

అయిపోయేది కాదు... కారిపోయేది!

వంటింట్లో సిలిండర్ నెలకో రెండు నెలలకో అయిపోతుంది. ఎందుకంటే అందులోని గ్యాస్‌ని మండిస్తాం. ఏసీలో గ్యాస్ అలా కాదు. రాగి గొట్టాల్లో మూసిపెట్టిన ఆ గ్యాస్ గదిలో ఆవిరిగా మారి వేడిని పీల్చుకుంటుంది. బయటి యూనిట్‌కి వెళ్లి ఆ వేడిని వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. మళ్లీ లోపలికొస్తుంది. ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది తప్ప అందులో గ్రాము గ్యాస్ కూడా ఖర్చు కాదు. గొట్టాలకు చిల్లు లేకపోతే కొన్నరోజు పోసిన గ్యాసే ఏళ్ల తరబడి ఉంటుంది.

అంటే, గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. ఆ చిల్లు మూయకుండా గ్యాస్ నింపడమంటే ఓటికుండలో నీళ్లు పోయడమే. ఇది తెలియకే చాలామంది ఏటా డబ్బు పోసుకుంటున్నారు. ఇంకో సంగతి... చల్లదనం తగ్గడానికి గ్యాస్ ఒక్కటే కారణం కాదు. ఫిల్టర్ నిండా దుమ్మున్నా, బయటి యూనిట్ రేకులు పూడుకుపోయినా, కెపాసిటర్ బలహీనపడినా, ఓల్టేజీ పడిపోయినా లక్షణం ఒకటే: గది చల్లబడదు. జ్వరమొచ్చిన ప్రతివాడికీ ఒకే ఇంజెక్షన్ వేసినట్టు, చల్లబడని ప్రతి ఏసీకీ గ్యాస్ పట్టేస్తే ఎలా?

నిజంగా గ్యాసే పట్టాలంటే దానికో పద్ధతుంది. ముందు గొట్టాల్లో నైట్రోజన్ పంపి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూడాలి. అతుకుల దగ్గర సబ్బు నురగ రాస్తే బుడగలొచ్చిన చోటే చిల్లు. దాన్ని వెల్డింగ్‌తో మూయాలి. తర్వాత వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలినీ, తేమనీ పూర్తిగా లాగేయాలి. దానికే అరగంట పడుతుంది. ఆ తర్వాత ఏసీ మీదున్న స్టిక్కర్ చూసి, అందులో రాసినంత గ్యాస్‌ని కాటాతో తూచి పట్టాలి. ఇదంతా ఒకటిన్నర రెండు గంటల పని. పావుగంటలో గ్యాస్ పట్టేసి బ్యాగు సర్దుకున్నారంటే మధ్యలో ఏదో ఎగిరిపోయినట్టే.

గ్యాస్ పేరు కూడా చూడాలి. పాత ఏసీల్లో ఆర్-22 ఉండేది. ఓజోన్ పొరకు చేటు చేస్తుందని మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దాన్ని దశలవారీగా తప్పిస్తున్నారు. 2025 నుంచి మనదేశంలో కొత్త ఏసీల తయారీలో దాన్ని వాడకూడదు. తర్వాత వచ్చింది ఆర్-410ఎ. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా కనిపించేది ఆర్-32. కొన్నిట్లో ఆర్-290 కూడా ఉంటుంది. అది ప్రొపేనే. ఇవి ఒకదానికొకటి బదులు కావు. 'ఏ గ్యాసైనా ఒకటేలే' అన్నవాళ్లతో పట్టించుకుంటే కంప్రెసర్‌కే ఎసరు. పైగా ఆర్-32కి కొద్దిగా, ఆర్-290కి బాగా మండే గుణముంది.

ఏ పనికి ఎంత?

ధరలు ఊరినీ, కంపెనీనీ, ఏసీ సైజునీ బట్టి మారతాయి. కంపెనీ సర్వీసు సెంటర్ అయితే ఎక్కువ, బయటి మెకానిక్ అయితే తక్కువ. కంపెనీ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. దూరం నుంచి వస్తే దారి ఖర్చు కలుపుతారు. అయినా ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీకి సుమారుగా ఎంతవుతుందో ఒక అంచనా ఉంటే బేరమాడే ధైర్యమొస్తుంది.

వచ్చి చూసినందుకు: 300 నుంచి 600 రూపాయలు. చాలామంది పని చేయించుకుంటే దీన్ని బిల్లులో తగ్గిస్తారు. ముందే అడగాలి.

నీళ్లతో కడిగే పూర్తి సర్వీసు: 500 నుంచి 900 వరకు.

కెపాసిటర్ మార్చడం: 400 నుంచి 900. చిన్న డబ్బా లాంటి ఈ భాగం పోతే పాతరకం ఏసీల్లో కంప్రెసర్ మొదలవదు. 'కంప్రెసర్ పోయింది' అనే ముందు చూడాల్సింది దీన్నే.

చిల్లు మూసి, పూర్తిగా గ్యాస్ పట్టడం: 2,500 నుంచి 4,500.

ఫ్యాన్ మోటారు: 2,000 నుంచి 4,500.

పీసీబీ, అంటే ఏసీకి మెదడు లాంటి సర్క్యూట్ బోర్డు: బాగుచేస్తే 1,500 నుంచి 4,000. కొత్తదైతే 4,000 నుంచి మొదలై, ఇన్వర్టర్ ఏసీల్లో పది వేలు దాటుతుంది.

కంప్రెసర్: కూలీ, గ్యాస్‌తో కలిపి 10,000 నుంచి 20,000.

ఇక వారంటీ సంగతి. 'కంప్రెసర్‌కి పదేళ్ల వారంటీ' అని పెద్ద అక్షరాల్లో రాస్తారు. అది సాధారణంగా కంప్రెసర్ అనే భాగానికే. దాన్ని విప్పి బిగించే కూలీ, మళ్లీ పట్టే గ్యాస్, రవాణా మనమే పెట్టుకోవాల్సి రావచ్చు. వారంటీ ఉన్నప్పుడు బయటివాళ్లతో విప్పిస్తే అదీ పోయే ప్రమాదముంది. కొన్న బిల్లునీ, వారంటీ కార్డునీ ఇంటి పత్రాలతోపాటు దాచుకోవాల్సిందే.

దుమ్ము ఒకవైపు... ఉప్పు నీళ్లు మరోవైపు

ఏసీ కంపెనీల పుస్తకాల్లో 'ఏడాదికి రెండు సర్వీసులు చాలు' అని రాసుంటుంది. ఆ పుస్తకం రాసినవాళ్లు అనంతపురం పీఠభూమి గాలి చూసి ఉండరు!

నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల దగ్గరే వానంతా కురిసేస్తాయి. ఈ నేలకు మిగిలేది గాలి ఒక్కటే. దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఇదొకటి. ఏడాదంతా కలిపి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే ఆషాఢపు గాలికి విత్తనం కోసం దున్నిపెట్టిన చేలల్లోంచి ఎర్రదుమ్ము లేస్తుంది. వేరుశనగ కాయలు ఒలిచే రోజుల్లో పొట్టు, రోడ్డుపక్క ఇళ్లలో లారీల దుమ్ము. ఇవన్నీ వెళ్లి బయటి యూనిట్ రేకుల మధ్య మేటవేస్తాయి. లోపలి వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. కంప్రెసర్ ఆయాసపడుతూ పనిచేస్తుంది. కరెంటు బిల్లు పెరుగుతుంది. ఏదో ఒకరోజు అది ఆగిపోతుంది.

అందుకే ఇక్కడ లోపలి ఫిల్టర్లని రెండు వారాలకోసారి కడగాల్సిందే. దానికి మెకానిక్ అక్కర్లేదు. స్విచ్ ఆపి, ముందు మూత పైకెత్తి, జాలీలు తీసి, కుళాయి కింద కడిగి నీడలో ఆరబెడితే చాలు. పది నిమిషాల పని. పూర్తి సర్వీసు ఫిబ్రవరిలో, అంటే మెకానిక్‌లు ఖాళీగా ఉన్నప్పుడే చేయించుకోవాలి. రెండోది గాలుల కాలం అయ్యాక.

కడగడంలోనూ ఒక తిరకాసుంది. ఈ ప్రాంతంలో వందల అడుగుల లోతునుంచి వచ్చే బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. బకెట్ అంచున, కుళాయి మూతిన తెల్లగా పేరుకునేవి అవే. ఆ నీళ్లతో ఏసీ రేకులు కడిగి వదిలేస్తే, ఆరాక అదే తెల్లపూత రేకులమీద మిగిలిపోతుంది. దుమ్ము పోయిందనుకుంటే ఉప్పు పట్టుకుందన్నమాట. వీలైతే చివరి విడత ఒకటి రెండు బిందెల మంచినీళ్లతో కడిగించాలి. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లయితే ఇంకా మేలు. గాల్లోని తేమే చల్లబడి అలా కారుతుంది కాబట్టి అందులో లవణాలుండవు. తాగడానికి పనికిరాదు కానీ మొక్కలకీ, ఇల్లు తుడవడానికీ బాగుంటుంది. నీళ్లకు కటకటగా ఉండే ఊళ్లో ఆ గొట్టాన్ని వీధిలోకి వదిలి పక్కింటివాళ్లతో మాట పడేకన్నా కింద ఒక బకెట్ పెట్టుకోవడం నయం కదా!

మరి కూలర్ సరిపోదా? పొడిగాలి వీచే ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కరెంటు ఖర్చు ఏసీలో పదో వంతు. కాకపోతే రోజుకు బిందెల కొద్దీ నీళ్లు తాగుతుంది. వానలు మొదలై గాల్లో తేమ చేరితే ఉక్కపోత తప్ప చల్లదనం ఉండదు. నీళ్లున్న ఇంటికి కూలర్, లేని ఇంటికి ఏసీ అన్నట్టు లెక్క తేలుతుంది. ఇల్లు చూసుకుని నిర్ణయించుకోవాలి.

ఓల్టేజీ ఊగిసలాట

పల్లెల్లో రైతుల మోటార్లు ఒక్కసారిగా ఆన్ అయినప్పుడు ఇంట్లో ట్యూబులైటు మిణుకుమిణుకుమనడం అందరికీ అనుభవమే. లైటు మిణుకుతుంది, అంతే. కంప్రెసర్ మాత్రం కాలిపోతుంది. ఓల్టేజీ తగ్గితే మోటారు తిరిగే బలం అంతకు మించి తగ్గుతుంది. తిరగలేక మొండికేసిన మోటారు మామూలుకన్నా ఎన్నోరెట్లు కరెంటు లాగుతుంది. లోపలి తీగచుట్ట వేడెక్కి పూత మాడిపోతుంది.

'మా ఏసీకి స్టెబిలైజర్ అక్కర్లేదు' అని అమ్మేవాళ్లు చెబుతారు. అది అబద్ధం కాదు. కానీ ఆ యంత్రం తట్టుకునే ఓల్టేజీ ఎక్కడినుంచి ఎక్కడివరకో పుస్తకంలో రాసుంటుంది. మన ఇంట్లో సాయంత్రం ఏడింటికి ఎంతొస్తోందో ఎలక్ట్రీషియన్‌తో కొలిపించి పోల్చుకోవాలి. అంతకన్నా కిందికి పడుతుంటే స్టెబిలైజర్ తప్పదు. ఒకటిన్నర టన్నులకు సాధారణంగా 4 కేవీఏది వాడతారు. కరెంటు పోయి వచ్చాక మూడు నిమిషాలు ఆగి ఆన్ చేసే ఏర్పాటు అందులో ఉండాలి. మూడు నాలుగు వేలకు వచ్చే ఆ డబ్బా పదిహేను వేల కంప్రెసర్‌ని కాపాడుతుంది.

ఓల్టేజీ రోజూ పడిపోతుంటే సొంత డబ్బు పెట్టుకుని ఊరుకోనక్కర్లేదు. ఇళ్లకిచ్చే లైన్లో ప్రకటించిన ఓల్టేజీకి 6 శాతానికి మించి తేడా ఉండకూడదన్నది నిబంధన. ఏపీఎస్పీడీసీఎల్ వారి 1912 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించి, దాని నంబరు రాసిపెట్టుకోవాలి. వీధిలోని నాలుగిళ్లవాళ్లూ కలిసి చేస్తే ఇంకా బలం. స్తంభం మీద న్యూట్రల్ వదులైతే ఉన్నట్టుండి ఓల్టేజీ రెట్టింపుకు దగ్గరగా ఎగబాకుతుంది. పీసీబీలు మాడిపోవడానికి పెద్ద కారణమిదే. ఇంట్లో కొన్ని లైట్లు మరీ ప్రకాశంగా, కొన్ని మరీ మసకగా వెలుగుతుంటే వెంటనే మెయిన్ ఆపి లైన్‌మన్‌ని పిలవాలి.

ఎండిన నేలలో ఎర్తింగ్

ఇది ఖర్చు సంగతి కాదు... ప్రాణం సంగతి!

ఏసీ బాడీలోకి కరెంటు దిగితే అది ఎర్త్ తీగ గుండా నేలలోకి పోవాలి. నేల తడిగా ఉంటే హాయిగా పోతుంది. రాతినేల, పైగా ఎండినేల అయితే దానికి దారి దొరకదు. గోరంట్ల చుట్టుపక్కల ఎర్రమట్టి కింద చాలాచోట్ల రాయే. ఇల్లు కట్టినప్పుడు గుంత తీసి బొగ్గు, ఉప్పు వేసి పాతిన ఎర్తింగ్ మొదటి రెండేళ్లు బాగానే ఉంటుంది. తర్వాత దాన్ని పట్టించుకునేవాళ్లు ఉండరు. సరిగ్గా ఏసీ ఎక్కువగా వాడే ఏప్రిల్, మే నెలల్లోనే ఆ గుంత ఎండిపోయి పనికిరాకుండా పోతుంది.

వేసవిలో వారానికోసారి ఒక బకెట్ నీళ్లు ఆ గుంతలో పోయాలి. స్నానం నీళ్లయినా సరే. ఏడాదికోసారి ఎర్త్ టెస్టర్‌తో కొలిపించాలి. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే, కరెంటు లీకైన క్షణంలోనే అది సరఫరా ఆపేస్తుంది. ఏసీకి మీటర్ దగ్గర్నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, విడిగా ఎంసీబీ ఉండాలి. ఫ్యాన్ల కోసం వేసిన సన్నతీగ మీద ఏసీ నడిపితే గోడలోనే తీగ కాలుతుంది. ఏసీని గానీ బయటి యూనిట్ బిగించిన ఇనుప చట్రాన్ని గానీ తాకితే జివ్వుమంటోందా? 'కొంచెమేలే' అనుకోకండి. స్విచ్ ఆపి, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఎవరినీ దాని దగ్గరికి పోనివ్వకండి. బట్టలారేసే తీగని ఆ చట్రానికి కట్టే అలవాటుంటే ఈరోజే విప్పేయండి.

కరెంటాఫీసుకి చెప్పారా?

పాత ఇళ్లలో చాలావాటికి ఒక కిలోవాట్ లోడుతోనే కనెక్షన్ ఉంటుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ ఒక్కటే పూర్తిగా పనిచేసేటప్పుడు అంతకు మించి లాగుతుంది, పాతదైతే ఇంకా ఎక్కువ. ఇప్పటి మీటర్లు ఒక్కసారిగా ఎంత లోడు వాడామో నమోదు చేస్తాయి. ఒప్పుకున్న లోడుకి మించితే నోటీసొస్తుంది. ఏసీ పెట్టించగానే అదనపు లోడుకి దరఖాస్తు చేసి, డెవలప్‌మెంట్ ఛార్జీలు, డిపాజిట్ కట్టేస్తే ఆ గొడవుండదు. ఇది ఊరికే కట్టే డబ్బు కాదు. వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత భారముందో విద్యుత్ సంస్థకు తెలిసేది ఈ లెక్కలతోనే. అందరూ దాచిపెడితే అందరి ఓల్టేజీ పడిపోతుంది.

బిల్లు లెక్క కూడా చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75 రూపాయలు. ఏసీ లేనప్పుడు నెలకు 120 యూనిట్లు కాల్చే ఇల్లనుకుందాం. కరెంటు ఛార్జీ సుమారు 395 రూపాయలు. ఏసీతో 190 యూనిట్లు అదనంగా కాలి 310 అయితే ఛార్జీ 1,760 దాటుతుంది. ఇతర ఛార్జీలు, సర్దుబాట్లు వేరే. అదే ఏసీ దుమ్ముపట్టి మరో 40 యూనిట్లు ఎక్కువ తాగిందనుకోండి... అవన్నీ 8.75 శ్లాబులోవే. అంటే నెలకు 350 రూపాయలు గాలిలో కలిసినట్టే. రెండు నెలల దుమ్ము ఖర్చుతో ఒక సర్వీసు అయిపోతుంది!

అందుకే రిమోట్‌లో 18 పెట్టుకుని దుప్పటి కప్పుకోవడం మానాలి. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీలు చూపేలా తయారుచేయాలన్న నిబంధన ఉన్నది ఇందుకే. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతోంది. 26లో పెట్టి పైన ఫ్యాన్ నెమ్మదిగా తిప్పితే ఒంటికి తేడా తెలియదు, బిల్లులో తెలుస్తుంది.

బాగుచేయించాలా... మార్చేయాలా?

ఎనిమిదేళ్లు దాటిన ఏసీకి కంప్రెసరో, లోపలి కాయిలో పోయి, ఖర్చు కొత్తదాని ధరలో సగానికి చేరుతుంటే మార్చడమే మేలు. మూడు నాలుగేళ్లదైతే బాగుచేయించాలి. ఆర్-22 ఏసీకి చిన్నపని అయితే చేయించుకోవచ్చు, పెద్ద ఖర్చు దండగ. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మార్చాలా వద్దా అని లెక్కేసుకునేటప్పుడు దాన్నీ చూసుకోవాలి. పాతదాన్ని ఇనుప సామాన్లవాడికి వేస్తే గొట్టాలు కోసి గ్యాస్‌ని గాల్లోకి వదిలేస్తాడు. ఈ-వ్యర్థాల నిబంధనల పరిధిలోకి ఏసీలూ వస్తాయి కాబట్టి ఎక్స్ఛేంజ్ కింద కంపెనీకో, డీలర్‌కో ఇవ్వడం మంచిది.

మెకానిక్‌నీ అర్థం చేసుకుందాం

మెకానిక్‌లందరూ మోసగాళ్లు కారు. ఏడాదిలో మూడు నెలలే చేతినిండా పని. ఆ మూడు నెలలూ రోజుకు పది ఇళ్లు తిరగాలి. రెండో అంతస్తు గోడకు వేలాడుతూ, కాలుతున్న రేకుని పట్టుకుని పనిచేయాలి. నడుముకి బెల్టుండదు. మండే గుణమున్న గ్యాస్ పక్కనే మంటతో వెల్డింగ్ చేయాలి. నైట్రోజన్ సిలిండర్ మోయలేక ఆక్సిజన్‌తో ఒత్తిడి పరీక్ష చేసేవాళ్లున్నారు. కంప్రెసర్‌లోని నూనెకు ఆక్సిజన్ తగిలితే పేలిపోతుంది. ఐటీఐలో ఈ పనికోసం రెండేళ్ల కోర్సుంది. 2019లో కేంద్రం తెచ్చిన కూలింగ్ యాక్షన్ ప్లాన్‌లో లక్షమంది మెకానిక్‌లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యంగా పెట్టుకున్నారు. సర్టిఫికెట్ ఉన్నవాళ్లని అడిగి పిలిపించుకుంటే, నాలుగు డబ్బులు ఎక్కువైనా పని నిలుస్తుంది. ఈ చుట్టుపక్కల అవసరమూ పెరుగుతోంది. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల తయారీ మొదలైంది. గోరంట్ల మండలంలోనే, పాలసముద్రం దగ్గర 2024 జనవరిలో కస్టమ్స్, పరోక్ష పన్నుల జాతీయ అకాడమీ ప్రారంభమైంది. ఇంటర్ తర్వాత ఏంచేయాలా అని చూస్తున్న కుర్రాళ్లకు ఇది పనికొచ్చే విద్యే.

వచ్చినప్పుడు ఇవి అడగండి

* ముందు చూసి లోపమేమిటో చెప్పండి, ఎంతవుతుందో రాసివ్వండి. తర్వాతే విప్పండి.

* గ్యాస్ తగ్గిందంటే చిల్లు ఎక్కడుందో చూపిస్తారా?

* వాక్యూమ్ పంపు, కాటా తెచ్చారా? ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు?

* మార్చిన పాత భాగం మాకే ఇచ్చేస్తారా?

* చేసిన పనికి ఎన్నాళ్ల హామీ? బిల్లు మీద రాసిస్తారా?

బిల్లు ఉంటేనే హక్కు ఉంటుంది. పని సరిగా చేయకపోయినా, మార్చని భాగానికి డబ్బు తీసుకున్నా ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి చట్టం ప్రకారం ఉన్నచోటు నుంచే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపుంటే ఫీజు కూడా లేదు.

ముందు మిద్దెకి వైద్యం

1902లో అమెరికాలో విల్లిస్ క్యారియర్ మొదటి ఆధునిక ఏసీని తయారుచేసింది మనుషుల కోసం కాదు. ఒక ప్రింటింగ్ ప్రెస్సులో తేమకి కాగితం సాగిపోతోందని! అప్పటికి ఈ సీమలో జనం ఎండని తట్టుకునే ఉపాయం ఎప్పుడో కనిపెట్టేశారు. మందపాటి రాతిగోడలు, బండలమీద మట్టి పరిచిన మిద్దెలు. మధ్యాహ్నం లోపల పడుకుంటే బయట ఎండ ఉన్నట్టే తెలిసేది కాదు. వాటి స్థానంలో వచ్చిన కాంక్రీటు స్లాబు పగలంతా వేడిని మింగి రాత్రంతా గదిలోకి కక్కుతుంది. మన ఏసీ రాత్రంతా పోరాడేది గాలితో కాదు, ఆ స్లాబుతో.

మార్చిలో స్లాబు మీద రెండు పూతలు తెల్లసున్నమో, కూల్ రూఫ్ పెయింటో వేయిస్తే ఏసీ భారం చాలా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ఏకంగా కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. పడమటి కిటికీకి బయటివైపు తడిక, తలుపు సందులకు రబ్బరు పట్టీ, బయటి యూనిట్‌కి గాలి ఆడేలా పైన చిన్న నీడ... ఇవన్నీ కలిపినా ఒక గ్యాస్ ఫిల్లింగ్ ఖర్చుకు అటూ ఇటూ. స్తోమతుంటే మిద్దెమీద సోలార్ పలకలు కూడా పెట్టించుకోవచ్చు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఇస్తున్నారు. కదిరి దగ్గర ఎన్‌పీ కుంటలో వేల ఎకరాల్లో సోలార్ పార్కు పెట్టారంటే ఈ ఎండ విలువేంటో అర్థమవుతోంది కదా! మనల్ని కాల్చే ఎండతోనే మన గదిని చల్లబరచుకోవచ్చన్నమాట.

బిందె నీళ్లకి కూడా లెక్క చూసుకుని బతకడం ఈ నేలకు కొత్త కాదు. ఏ చుక్క ఎక్కడ కారుతోందో కనిపెట్టడం ఇక్కడి ఇల్లాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు. ఆ కన్ను ఏసీ మీద కూడా వేస్తే చాలు. ఫిబ్రవరిలో ఒక సర్వీసు, మిద్దెకి సున్నం, ఎర్తింగ్ గుంతకి ఒక బకెట్ నీళ్లు... అప్పుడు ఏప్రిల్‌లో మెకానిక్ ఎల్లుండి వస్తానన్నా పరవాలేదు.